మంత్రసాని కార్డు

రంగుల విషయంలో నన్నెవరూ మోసం చెయ్యలేరని ఇరవయ్యేళ్ళు వచ్చేదాకా గట్టిగా నమ్మినదాన్ని. పొగరనుకుంటే అనుకోండి. బెంగళూరు కబ్బన్‌పేటలో పట్టుకు రంగులు వేసే ఇంట్లో పుట్టి, ఉగ్గుపాలతో పాటు గంగాళం ఆవిరి పీల్చిన పిల్లకు ఆ మాత్రం పొగరు లేకపోతే ఎట్లా? అంగట్లో రెండు మెరూన్ చీరలు పక్కపక్కన పెడితే, ఇది బావినీళ్ళతో వేసింది, అది కొళాయినీళ్ళతో వేసింది అని చెప్పేసేదాన్ని. అట్లాంటి నన్ను 2003 ఎండాకాలంలో ఒక ఆటకార్డు మీదున్న ఆవగింజంత నీలం దెబ్బ తీసింది. దెబ్బ తీసింది నీలమే అని కొన్ని గంటలపాటు అనుకున్నాను కూడా.

మా నాయన శ్రీనివాసులు పేటలో పేరున్న రంగులవాడు. కొట్టు యజమాని ఒక చీర తునక తెచ్చి చేతిలో పెడితే, వెంట్రుకవాసి తేడా లేకుండా అదే రంగు పట్టుకు ఎక్కించి ఇచ్చేవాడు. ఇంటి వెనక రేకుల కొట్టం, అందులో రెండు రాగి గంగాళాలు, వెదురు కర్రలకు వేలాడే పట్టునూలు కట్టలు, మా మాటలో చిలపలు, అంతే మా ఆస్తి. అయితే రెండేళ్ళుగా ఆయన కళ్ళకు పొర కమ్ముతోంది. నీలం నలుపులోకి జారిపోయేది, లేత పసుపు తెలుపులో కలిసిపోయేది. ఆ సంగతి ఆయనకు, అమ్మకు, నాకు తెలుసు. నాలుగోవాడికి తెలియదు. రంగులవాడికి చూపు మసకబారిందని పొక్కితే ఇక ఒక్క చిలప కూడా మా గడప తొక్కదు. ఆపరేషన్ చేయించుకోమని అమ్మ పోరితే, "నెల దినాలు కొట్టం మూస్తే ఎందుకు మూసినావంటారు, ఏం చెప్పేది?" అనేవాడు.

అందుకే పొద్దున పది గంటలకు నాకు పిలుపు వచ్చేది. రంగు సరిచూడాలంటే పది గంటల ఎండలోనే చూడాలి, ట్యూబులైటు కింద చూసినవాడు మునిగిపోతాడని మా వాళ్ళ లెక్క. ఆరిన చిలపను, కొట్టు తునకను చెరో చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడేవాడు నాయన.

"ఏమంటావు పాపా? చూసి చెప్పు. నేర్చుకోవాల గదా నువ్వు."

నేర్చుకోవడం అనేది మా ఇద్దరి మధ్యా మర్యాద. నేను చూసి, ఎరుపు జాస్తి అనో, ఇంకోసారి ముంచమనో చెప్పేదాన్ని. ఆయన నా మాట విననట్టే తలాడించి, విన్నట్టే చేసేవాడు. చిక్‌పేట కొట్టు యజమాని భుజంగరావు సరుకు తీసుకునేటప్పుడు, "నీ కండ్లకు దిష్టి తీయించుకో శ్రీనివాసులూ, ఈ వయసులో ఇంత చూపా" అంటే, నేను తలుపు పక్కన నవ్వాపుకునేదాన్ని. ఆ దొంగతనం నాకు గర్వంగా ఉండేది, దాచడమెందుకు.

ఆ ఫిబ్రవరిలో మా కాలేజీ పండగకు ఒక కంపెనీవాళ్ళు వచ్చి బల్ల వేశారు. ఊరికి ఆ చివర కుందలహళ్ళిలో పదిమంది కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీ. రాక్షసులు, మాంత్రికులు, కోటలు, ఎగిరే గుర్రాలు బొమ్మలుగా వేసి 'వర్ణదుర్గ' అని ఒక కార్డుల ఆట తయారు చేశారు. పొట్లాలు కొనుక్కుని, కార్డులు మార్చుకుని, ఎవరి కట్ట వాళ్ళు కూర్చుకుని ఆడాలి. బల్ల దగ్గర ఉన్నామె పేరు హరిణి, గుంటూరమ్మాయి. నాకు ఆట మీద ధ్యాస లేదు. బల్ల మీది రెండు పెట్టెలు చూసి ఊరుకోలేక నోరు జారాను.

"ఈ రెండు పెట్టెల్లో ఎరుపు ఒకటి కాదండీ."

"అదేంటండీ, సేమ్ ఫైల్, సేమ్ ప్రెస్" అంది.

"ఇది కొంచెం పసుపు తిన్న ఎరుపు."

ఆమె రెండు కార్డులూ పట్టుకుని కిటికీ దగ్గరికి పోయి చాలాసేపు చూసింది. వెనక్కి వచ్చి నా పేరడిగింది. "మా ఆర్టిస్టే పట్టుకోలేదు దీన్ని. స్పందనా, మాకు ప్రింట్ చెకింగ్‌కి మనిషి కావాలి. కానీ మా బాస్‌కి ఒక పిచ్చి ఉంది, గేమ్ రాని వాళ్ళని ఆఫీసులోకి రానివ్వడు. మే ఎండింగ్‌లో టోర్నమెంట్ పెడుతున్నాం. టాప్ ఫోర్‌లోకి రా. మిగతాది నేను మాట్లాడతా. ఉండటానికి మా అమ్మాయిల రూమ్ ఉంది అక్కడే."

ఆ ఉద్యోగం నాకు కావాలి. బీకాం చదివినవాళ్ళు బెంగళూరులో రాయి విసిరితే తగులుతారు. కానీ నా కళ్ళు మా కొట్టం బయట కూడా పనికొస్తాయని అంతకుముందు ఎవరూ అనలేదు. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను.

పరీక్షలు అయ్యాక ఇంట్లో చెప్పాను. అమ్మ వెంకటలక్ష్మి చేటలో బియ్యం ఏరుతూ నాయన ముఖం వైపు చూసింది. నాయన కాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"గెలిస్తే పంపిస్తావా నాయనా?" అన్నాను.

"తడినూలుకు బణ్ణం చెప్పకూడదు పాపా. ఆరనీ, చూస్తాము" అన్నాడు. బణ్ణమంటే మా పేట తెలుగులో రంగు. తర్వాత, "ముందు ఆ ఆట ఏందో నాకు నేర్పు. నువ్వు ఒకదానివే ఎట్ల ఆడుకుంటావు?" అన్నాడు.

అట్లా మొదలయింది. సాయంత్రం గంగాళాలు కడిగేశాక, ఎండ దిగిపోయాక, రంగు చూడటానికి ఎటూ వీలుకాని ఆ గంటలో ఇద్దరం వసారాలో చాప మీద కూర్చునేవాళ్ళం. నా జీవితంలో ఆయనతో అంత మాట్లాడింది ఆ రెండు నెలలే. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు కోపమూ దుఃఖమూ కలిసే వస్తాయి.

ఆటలో ఐదు రంగులు. ఎరుపుకు మంట గుర్తు, నీలానికి నీటిబొట్టు, ఆకుపచ్చకు ఆకు, తెలుపుకు శంఖం, నలుపుకు నెలవంక. ముందుగా ఒక దొరను ఎంచుకోవాలి. ఆ దొర కార్డు మీద ఏ గుర్తులుంటే ఆ రంగుల కార్డులే మన అరవై కార్డుల కట్టలో ఉండాలి. పరాయి రంగు ఒక్కటి దూరినా కట్ట మొత్తం చెల్లదు. కార్డుల మీద పేర్లు ఇంగ్లీషులో ఉండేవి. నాయనకు నోరు తిరగక అన్నిటికీ తెలుగు పేర్లు పెట్టేశాడు. నా దొర ఒక కొండజాతి రాణి, ఎరుపూ ఆకుపచ్చా ఆమెవి. ఆమెకు 'కొండ దొరసాని' అని పేరు పెట్టాడు.

"అంటే దొరసానికి ఇష్టం లేని బణ్ణం ఇంట్లోకి రాకూడదు. మీ అమ్మ మాదిరి" అన్నాడు.

"నాకిష్టం లేనివి శానా వచ్చినాయి ఈ ఇంట్లోకి" అంది అమ్మ వంటింట్లోంచి.

నేను ఆట పుస్తకం ఇంగ్లీషులో చదివాను. పెట్టెలో మడిచిపెట్టిన కన్నడ కాగితం ఒకటి వచ్చింది, అది నాయన తీసుకున్నాడు. కన్నడ మీడియంలో ఏడో తరగతి దాకా చదివిన మనిషి. గుడ్డలో పోగులు లెక్కపెట్టే భూతద్దాన్ని అక్షరం మీద నుంచి అక్షరం మీదికి జరుపుతూ వారం రోజులు చదివాడు. ఒక సాయంత్రం చదవడం ఆపి, ముఖం విప్పార్చుకుని అన్నాడు.

"ఇందులో బణ్ణాన్ని కంటితో చూసే పనే లేదు పాపా. గుర్తు చూస్తే సాలు. నా మాదిరి వాడు గూడా ఆడొచ్చు."

కళ్ళ గురించి ఆయన అంత దగ్గరగా ఎప్పుడూ మాట్లాడలేదు. మూడు వారాలు తిరిగేసరికి నన్ను ఓడించడం కూడా మొదలుపెట్టాడు. ఓడించిన రోజు అమ్మను పిలిచి మరీ చెప్పేవాడు. గుర్తుల్ని వేలితో తడుముతున్నట్టు ఒక్కొక్కటే చూసి, కార్డు కింద పెట్టేటప్పుడు మాత్రం చేతిలో తడబాటు ఉండేది కాదు.

నేనేమో గుర్తులు చూసేదాన్నే కాదు. నాకెందుకు? కార్డు చుట్టూ ఉన్న పట్టీ రంగు చాలు. మా పేటలో చీరకు పేరు ఒంటి రంగుతోనే. ఆకుపచ్చ చీరకు నీలం బుటా ఉన్నా అది ఆకుపచ్చ చీరే, దాన్ని నీలం చీర అన్నవాణ్ణి కొట్టులోంచి బయటికి పంపిస్తారు. కార్డును కూడా అట్లాగే చూశాను. పట్టీ ఆకుపచ్చగా ఉంటే ఆకుపచ్చ కార్డు. మూలన ఉండే గుర్తులు, కార్డు దించేందుకు అయ్యే ఖర్చు చెప్పేవి, ఎటూ పట్టీతో కలిసేవి. ఇంగ్లీషు పుస్తకంలో 'కార్డు మీద ఉన్న గుర్తులే కార్డు రంగు' అని ఒక్క వాక్యం ఉంది. నేను దాన్ని మూలన ఉన్న గుర్తుల గురించే అనుకుని పేజీ తిప్పేశాను.

పోటీకి నాలుగు రోజులుందనగా ఆఖరి పొట్లం కొన్నాను. అందులో పడింది ఆ కార్డు. ఆకుపచ్చ పట్టీ, మూలన రెండు ఆకులు, బొమ్మలో వేపకొమ్మ పట్టుకున్న ముసలామె. చచ్చిపడిన మన సైనికుణ్ణి ఒకణ్ణి లేపి మళ్ళీ ఆటలో నిలబెడుతుంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. నీటిబొట్టు ఒకటి ఖర్చు పెట్టగలిగితే ఇద్దరిని లేపుతుందట. నా దగ్గర నీలం లేదు, ఒక్కడు లేస్తే నాకు చాలు.

ఎగిరినంత పని చేసి కొట్టంలోకి పరుగెత్తాను. "నాయనా, ఇది చూడు. కట్టలో పెట్టుకోవచ్చునా?"

ఆయన తడిచేతులు పంచెకు తుడుచుకుని, వాకిట్లోకి వచ్చి భూతద్దం తీశాడు. పైనుంచి కిందికి చదివాడు. మళ్ళీ కిందనుంచి పైకి వచ్చాడు. పక్కింట్లో మగ్గం ఆగి, మళ్ళీ ఆడింది. నేను ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను, పరీక్ష పేపరు దిద్దుతున్న పంతులు ముందు నిలబడ్డట్టు.

"మంత్రసాని" అని పేరు పెట్టాడు. "బాగుండాది పాపా. పెట్టుకో."

"ఏది తీసేసేది మరి?"

"ఆ ముసలి తోడేలును తీసేయి. దాని వల్ల ఏమీ కావడం లేదు."

తోడేలును తీసేసి మంత్రసానిని పెట్టుకున్నాను.

మే నెల ఆఖరి ఆదివారం పోటీ. నాయన కార్పొరేషన్ బస్‌స్టాపు దాకా వచ్చి బస్సు ఎక్కించాడు. "నిదానంగా ఆడు" అన్నాడు, నా ముఖం వైపు కాక బస్సు నంబరు వైపు చూస్తూ. నంబరు కనపడక ఇబ్బంది పడుతున్నాడేమో అనుకుని నేనే చదివి చెప్పాను.

కుందలహళ్ళిలో ఒక ఆంధ్రా మెస్సు పైనున్న హాల్లో నలభైమంది చేరారు. ముప్పావు వంతు మగపిల్లలు, కింద నుంచి గోంగూర తాలింపు వాసన. మొదటి ఆట సులువుగా గెలిచాను. రెండోది చేయి జారిపోయేదే. నా దగ్గర ఒక్క సైనికుడు కూడా లేని స్థితిలో మంత్రసాని చేతికి వచ్చింది, చచ్చినవాణ్ణి లేపింది, వాడితోనే గెలిచాను. ఎదుటివాడు చెయ్యి కలిపి, "సూపర్ కార్డ్ అండీ" అన్నాడు. ఆ క్షణం నాయన అక్కడ ఉంటే బాగుండునని ఎంత అనిపించిందో చెప్పలేను.

మూడో ఆటకు ముందు గెలిచినవాళ్ళ కట్టలన్నీ విప్పి చూస్తారు. అది అక్కడి పద్ధతి. హరిణి నా అరవై కార్డులు బల్ల మీద పరిచింది. చూపు ఒకచోట ఆగింది. ఒక కార్డు పైకి తీసింది.

"స్పందనా, నీ లార్డ్ రెడ్ అండ్ గ్రీన్ కదా?"

"అవునండీ."

"మరి ఇదేంటి?" గోటితో ఆ చిన్న అక్షరాల మధ్య తాకింది. ఆవగింజంత నీటిబొట్టు, నీలం. "ఫ్రేమ్ గ్రీనే. కానీ టెక్స్ట్‌లో మార్క్ ఉన్నా అది కార్డ్ కలరే అవుతుంది. ఇది గ్రీన్ అండ్ బ్లూ కార్డ్. నీ లార్డ్ దగ్గర ఉండకూడదు."

"ఆ బొట్టు నేను వాడనే లేదండీ. కావాలంటే అతన్ని అడగండి."

"వాడావా లేదా అని కాదు రా. కార్డ్ మీద ఉందా లేదా, అంతే రూల్."

రెండు గెలుపులూ కొట్టేశారు. ఆమె వాళ్ళ బాస్ దగ్గరికి పోయి నా కోసం ఏదో మాట్లాడింది. ఆయన మంచివాడే, నాకు కుర్చీ వేసి కూర్చోబెట్టి, రంగుల రూలే తెలియని మనిషిని రంగులు చూడటానికి ఎట్లా పెట్టుకుంటామని మెల్లగా అడిగాడు. రంగుల గురించి ఒకరు అడిగితే నాకు జవాబు లేకపోవడం అదే మొదలు.

హరిణి మెట్ల దాకా వచ్చింది. "సారీ రా. తప్పు కొంచెం నాది కూడా. ఇంగ్లీష్ బుక్‌లో ప్లేస్ లేక షార్ట్ చేసేశా. కన్నడ షీట్‌లో అయితే బొమ్మ వేసి మరీ చెప్పాం" అంది. నేను తలూపి దిగిపోయాను. ఆ మాట నా చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు.

ఇల్లు చేరేసరికి నాలుగయింది. నాయన కొట్టం గడప మీద కూర్చుని పట్టు చిక్కుకోకుండా వెదురు కర్రల మీది పీచు గీకేస్తున్నాడు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి తలెత్తాడు.

"ఏమాయె పాపా?"

"తీసేసినారు నాయనా. ఒక కార్డు చెల్లదంట."

ఆయన కర్ర కింద పెట్టాడు. "మంత్రసానేనా" అన్నాడు.

అరవై కార్డులున్నాయి నా కట్టలో. ఏ కార్డో నేను చెప్పలేదు.

ఆయనకు కూడా అప్పుడే తెలిసినట్టుంది ఏమన్నాడో. కర్ర మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. నేను కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాను. అలమారలో కన్నడ కాగితం మడత విప్పాను. మూడో పేరాలో బొమ్మ వేసి ఉంది. ఆకుపచ్చ పట్టీ కార్డు, మధ్యలో నీటిబొట్టు, పక్కన 'ఇది రెండు రంగుల కార్డు' అని పెద్ద అక్షరాలు. ఆ బొమ్మ మీద నాయన బొటనవేలి మరక ఉంది, ఆరిన మెజెంటా. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికే దొరకని దొంగ ఒక్క మాటతో తనంతట తానే నాకు దొరికిపోయాడు.

అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

"ఆయనకు భయం పాపా. నువ్వు పోతే పది గంటలకు ఎవురు చూస్తారు?"

"ఆ మాట నాకు చెప్పొచ్చు గదా."

"మగోడు కూతురి దగ్గర ఎట్ల చెప్తాడే."

"దొంగతనంగా ఓడించడం మాత్రం చేతనవుతుందా?"

అమ్మ పప్పు గిన్నె దగ్గరికి లాక్కుంది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది ఆ రోజు, ఎవరూ పైకి అనకుండా తిన్నాం.

మరుసటి రోజు గంగాళం పక్కన నిలబడి నేనే అడిగేశాను. "తెలిసే పెట్టుకోమంటివా నాయనా?"

ఆయన చిలపల్ని ముంచి, తిప్పి, మళ్ళీ ముంచాడు. "తెలిసే అంటిని" అన్నాడు చివరికి. "వచ్చే యేడు మల్లా ఆడొచ్చు గదా అనుకొంటిని. వాళ్ళు అంత పెద్దది చేస్తారని అనుకోలే."

"ఆట నేర్పమని అడిగినావే, అప్పటి నుంచే అనుకున్నావా?"

"లేదు పాపా. అది కాదు. ఆట బాగుండింది."

నమ్మాలనే ఉంది ఆ మాట, ఇప్పటికీ. కానీ నమ్మించి గొంతు కోసినవాడు ఆ తర్వాత ఏ నిజం చెప్పినా అది సగమే వినపడుతుంది. ఆ సాయంత్రాలన్నీ, ఆ నవ్వులన్నీ, 'నా మాదిరి వాడు గూడా ఆడొచ్చు' అన్న మాటతో సహా, అన్నీ మళ్ళీ విప్పి చూసుకోవాల్సి వచ్చింది. ఏది నిజం రంగో ఏది అద్దిందో తేలలేదు.

అయినా పది గంటలకు పిలిస్తే పోయేదాన్ని. పోక ఏం చేస్తాను, ఇంట్లో అన్నం అదే కదా. చూసేదాన్ని, చెప్పేదాన్ని, లోపలికి వచ్చేదాన్ని. కార్డుల పెట్టె చాప కిందనే ఉండిపోయింది. నాయన రెండు మూడు సాయంత్రాలు వసారాలో కూర్చుని చూశాడు, నేను రాలేదు.

శ్రావణం పెళ్ళిళ్ళకు ఆషాఢంలోనే పని మొదలవుతుంది. జూన్ ఆఖర్న భుజంగరావు నెమలికంఠం తునక ఒకటి తెచ్చి, నలభై చిలపలు అప్పజెప్పాడు. నీలం ఎక్కడ ఆగి పచ్చ ఎక్కడ మొదలవుతుందో చూపున్నవాడికే అంతుచిక్కని రంగు అది. నాయన ముందుగా ఒక్క చిలపకు వేసి, ఆరబెట్టి, పది గంటలకు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమంటావు పాపా?"

తప్పింది. బాగా తప్పింది. నీలం ముదిరి వంకాయ రంగులోకి తిరిగింది. చిన్నపిల్ల కూడా పట్టేస్తుంది. నేను 'సరిపోయింది నాయనా' అంటే చాలు. నలభై చిలపలూ అట్లాగే ముంచుతాడు. భుజంగరావు వాటిని వాకిట్లోకి విసిరేస్తాడు. సాయంత్రానికి పేట మొత్తానికీ తెలిసిపోతుంది. ఆ మాట నా నాలుక చివర ఉంది. అనాలనే ఉంది. అంత కసి నాలో ఉందని అంతవరకూ నాకు తెలియదు.

నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "నీలం జాస్తి అయింది నాయనా. పచ్చ తక్కువ. నీళ్ళు మార్చి మొదటి నుంచి వెయ్యాల."

ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు. నెల రోజుల తర్వాత మొదటిసారి నా వైపు చూసి నవ్వాడు.

"నాకు తెలుసులే పాపా. నువ్వు చెప్తావని" అన్నాడు.

మంచిమాటే, ఆయన ప్రేమగానే అన్నాడు. నేను చిలపను ఆయన చేతిలోంచి తీసుకుని కర్రకు వేశాను. ఆయనకు తెలుసు. ఆ రోజు 'పెట్టుకో' అన్నప్పుడూ తెలుసు. ఓడిపోయి ఏడుస్తూ ఇంటికే వస్తుంది, అడిగితే చూసి చెప్తుంది, ఎంత కోపమొచ్చినా తప్పు రంగును ఒప్పు రంగు అనదు. నా మంచితనం మీద అంత ధీమా పెట్టుకునే నన్ను ముంచాడు. కార్డు కంటే ఆ నవ్వు నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నలభై చిలపలూ పూర్తయ్యేదాకా ఉన్నాను. పని మధ్యలో వదలడం మా ఇంటా వంటా లేదు. ఆ వారంలోనే మా వీధి సొన్నమ్మతో మాట్లాడి పెట్టుకున్నాను. ఆమె బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అక్కడ వచ్చిన గుడ్డ తానులన్నీ ఒకే రంగులో ఉన్నాయా లేదా అని చూడటానికి మనిషి కావాలట. ఉండటానికి సొన్నమ్మ చెల్లెలి ఇంట్లో ఒక గది. సరుకు అప్పజెప్పిన మర్నాడు అమ్మకు చెప్పాను. అమ్మ ఏడ్చింది, పెట్టె మాత్రం తనే సర్దింది.

సోమవారం పొద్దున పెట్టె పట్టుకుని వీధిలోకి వచ్చేసరికి నాయన వెనకాలే వచ్చాడు, చెప్పులు కూడా వేసుకోకుండా. పక్కింటి గడప మీద ఇద్దరు నేతగాళ్ళు కాఫీ తాగుతున్నారు. ఎదురింటి అక్కయమ్మ ముగ్గు వేస్తోంది. భుజంగరావు గుమాస్తా కొత్త తునక ఇవ్వడానికి సైకిలు మీద వచ్చి ఆగాడు. వాళ్ళందరూ అక్కడున్నట్టు ఆయన చూశాడో లేదో నాకు తెలియదు. వీధి మధ్యలో నిలబడిపోయాడు.

"పాపా, నాకు కండ్లు కనపడవు. నువ్వు పోతే నేను ఏమి చేసేది?" అన్నాడు, గట్టిగానే.

ముగ్గు వేస్తున్న చెయ్యి ఆగింది. గుమాస్తా సైకిలు దిగాడు. రెండేళ్ళు మేం ముగ్గురం ప్రాణంగా దాచినదాన్ని ఆయన నడివీధిలో పెట్టేశాడు. నా కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి వెళ్ళి చెయ్యి పట్టుకోవాలనిపించింది, అబద్ధమెందుకు.

"ఈ మాట మే నెలలో చెప్పుంటే ఉండిపోయేదాన్ని నాయనా" అన్నాను.

నేను పెట్టె ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని కార్పొరేషన్ వైపు నడిచాను.